పెరటి గొయ్యి పోయి నల్ల సంచి వచ్చింది

రాలిన ఆకుని సంచిలో కుక్కి, మూతి బిగించి, నెలకింత అని డబ్బిచ్చి మరీ ఊరవతలికి పంపే కాలం వస్తుందని మా చిన్నప్పుడు ఎవరైనా అని ఉంటే నేను నమ్మేవాణ్ణి కాను. ఇప్పుడు హైదరాబాదులో మా అపార్టుమెంటు గేటు దగ్గర రోజూ చూస్తున్నది అదే. మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చేసరికి వేప, కానుగ, రావి, బాదం ఒకదాని వెనక ఒకటి ఆకు దులుపుకుంటాయి. ఏడింటికల్లా చీపుళ్ళు మొదలవుతాయి, ఎనిమిదింటికల్లా నల్ల సంచులు గేటు బయట బారులు తీరతాయి. సాయంత్రానికి అదే గేటులోంచి వర్మీ కంపోస్టు బస్తాలు, కొబ్బరి పొట్టు దిమ్మలు వేసుకుని ఇంకో బండి లోపలికి వస్తుంది. పోయేదానికీ మేమే డబ్బిస్తున్నాం, వచ్చేదానికీ మేమే ఇస్తున్నాం. డబ్బాలో బియ్యం పారబోసి హోటల్లో అన్నం కొనుక్కున్నట్టుంది ఈ వ్యవహారం. చదువుకున్నవాళ్ళు, లెక్కలు తెలిసినవాళ్ళు ఇన్ని కుటుంబాలుండి, ఈ చిన్న లెక్క ఎవరికీ పట్టకపోవడమే నా బాధ.

నేను పుట్టి పెరిగింది కాకినాడలో. ఇది పల్లెటూరి కథ కాదు. తిన్నని వీధులు, కుళాయిలు, సినిమా హాళ్ళు, కాలేజీలు అన్నీ ఉన్న పట్నం. అయితే సముద్రం పక్కన ఊరు కదా, నేల ఇసుక. బిందెడు నీళ్ళు పోస్తే అటు తిరిగి ఇటు చూసేలోపు ఇంకిపోయేవి. అలాంటి నేలలో మా పెరట్లో ఆనపపాదు, చిక్కుడు పందిరి, కనకాంబరాలు, కరివేపాకు మొక్క పచ్చగా ఉండేవంటే అది ఆకు గొయ్యి చలవే. ఒక గొయ్యి కాదు, రెండు. ఒకటి నిండుతూ ఉంటే రెండోది మాగుతూ ఉండేది. బావికి దూరంగా, కొబ్బరి చెట్ల వెనక తవ్వించారు. నిండే గోతిలోంచి ఎవరూ తీయకూడదు, మాగే గోతిలో ఎవరూ వేయకూడదు. ఇది మా మామ్మ పెట్టిన కట్టుబాటు. ఇంటికి వచ్చిన చుట్టాలు కూడా పాటించేవారు.

అయినా పెరట్లో రాలిన ప్రతిదీ నేరుగా గోతిలోకి పోయేది కాదు. ముందు ఇంటికి ఎన్ని విధాల పనికొస్తుందో అన్ని విధాలా వాడేవారు. కొబ్బరాకు ఈనెలు చీరి చీపుళ్ళు కట్టేవారు. మట్టలు, డొక్కలు నీళ్ళ కాగు కిందికి. పీచు అంట్లు తోమడానికి, ఆ పొయ్యిలో మిగిలిన బూడిద కూడా అంట్లకే, మిగిలితే ఆనపపాదు మీద పురుగుకి. అరటి గెల దింపాక బోదె చీలికలు కొట్టి పాడి ఉన్నవాళ్ళింటికి పంపేవాళ్ళం, ఎండిన పట్టల నార పూలు కట్టడానికి తడిపి ఉంచేవాళ్ళం. బాదం ఆకులు ఈనెపుల్లలతో విస్తళ్ళు కుట్టేవారు. వేపాకు నీడన ఆరబెట్టి బియ్యం డబ్బాల్లో, పప్పు కుండల్లో వేసేవారు. ఇన్ని చేతులు దాటి, ఇంక దేనికీ పనికిరాదనుకున్నదే గోతిలోకి పోయేది. ఒక వరస ఆకు, దాని మీద కాసిని పేడనీళ్ళు, పైన రెండు చేటల మట్టి. ఎండలు ముదిరితే మాత్రం గోతికీ రెండు బిందెల నీళ్ళు దక్కేవి.

మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడగానే మాగిన గొయ్యి తీసేవారు. ఆ పని పిల్లలందరికీ పండగ. వేసింది వేపాకో, కానుగాకో, విస్తరాకో గుర్తుపట్టడానికి ఉండేది కాదు. నల్లగా, చేతికి అంటకుండా పొడిపొడిగా రాలేది. ఎర్రలు మెలికలు తిరిగేవి. గుప్పెడు పట్టుకుని పిండితే చెయ్యి చల్లబడేది. కొబ్బరి పాదులకి తట్టలతో, మల్లెమొక్కకి చేటతో, తులసికోటలో గుప్పెడు. ఎక్కువైతే పక్కింటివాళ్ళు వచ్చి పట్టుకెళ్ళేవారు. ఆకు ఎరువు కొనడమన్నది మేము వినలేదు.

అంతా బంగారమని నేననను. గోతుల దగ్గర ఈగలు ముసిరేవి, ఒకసారి తేలు కనిపిస్తే వారం రోజులు అటు వెళ్ళనిచ్చేవారు కాదు. దోమలకని వేపాకు పొగ వేసేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉండేవారు, ఆ పొగ మంచిది కాదని ఇవాళ తెలుసు. కానీ ఆకు మన ఇంటిదనీ, దాని సంగతి మనమే చూసుకోవాలనీ అందరికీ ఒక ఎరుక ఉండేది. పోయింది అదే.

మామ్మ చేసింది మూఢాచారం కాదని చదువులో పడ్డాక తెలుసుకున్నాను. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసి, రైతులు చేసేదే చూసి, కొలిచి, ఇండోర్ పద్ధతి అని పేరు పెట్టి ప్రపంచానికి చెప్పాడు. తనతో పనిచేసిన యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో పుస్తకం వేశాడు. ఆ తర్వాత 1939లో సి.ఎన్. ఆచార్య గారు బెంగళూరులో పట్నాల చెత్త కోసమే ఇంకో పద్ధతి రూపొందించారు: కందకాలు తవ్వి, పొరలు పొరలుగా నింపి, పైన మట్టి మెత్తి వదిలేయడం. మహారాష్ట్రలోని పుసద్‌లో నారాయణ్ దేవరావ్ పాంఢరిపాండే అనే రైతు గోడలకి కన్నాలు వదిలిన ఇటుక తొట్టి తయారుచేశాడు. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. ఆయన పేరు మీదే దాన్ని నాడెప్ తొట్టి అంటారు. ఈ దేశంలో ఈ విద్యకి కొదవ ఎప్పుడూ లేదు. పట్నవాసులకి పట్టింపే లేకుండా పోయింది.

ఈ మధ్య ఒకనాటి పొద్దున మా పార్కు మూల పొగ లేస్తుంటే వెళ్ళాను. తోటపని చూసే అబ్బాయి ఆకు కుప్పకి నిప్పంటించాడు. పాలమూరు నుంచి వచ్చిన పిల్లవాడు. "ఎందుకు తగలబెడుతున్నావు నాయనా?" అంటే, "ఏం జెయ్యాలె సార్? సంచులు అయిపోయినయ్. బండి మొన్నటిసంది రాలే. ఊడ్వకుంటే అంటరు, ఊడ్చినంక ఏడ పెట్టాలెనో చెప్పరు" అన్నాడు. నాకు వాడి మీద కోపం రాలేదు. వాడికి చీపురు ఇచ్చాం, సంచి ఇచ్చాం, చోటు మాత్రం ఇవ్వలేదు. చెట్లు నాటినవాళ్ళం, నీడ అనుభవించేవాళ్ళం మనమై ఉండి, ఆ పిల్లవాడి మెడకి ఈ చిక్కు తగిలించాం.

చట్టం చెప్పలేదా అంటే చెప్పింది. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాల్లో తోటల వ్యర్థాన్ని తక్కిన చెత్తలో కలపకుండా ఎవరి ఆవరణలో వాళ్ళు విడిగా ఉంచాలని స్పష్టంగా చెప్పింది. పార్కుల్లో రాలినదాన్ని వీలైనంతవరకు పార్కుల్లోనే ఎరువు చేయాలని నగరపాలక సంస్థలకీ చెప్పింది. ఆ ఏడాది డిసెంబరులోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా ఆరుబయట చెత్త కాల్చడాన్ని నిషేధించి, మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఫాల్గుణమాసంలో ఈ నగరంలో ఏ వీధిలో నడిచినా ముక్కుకి తగిలేది మాత్రం ఆకు పొగే. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ నెలంతా కిటికీలు తీయలేక అవస్థ పడుతున్నారు.

కాల్చకుండా సంచిలో పంపితే మంచిదేగా అంటారు. ఎక్కడికి పంపుతున్నామో చూడండి. దారిలో పాలపాకెట్టు ముక్కలు, గుట్కా కాగితాలు, పగిలిన సీసాలు, పిల్లల డైపర్లు, అన్నీ దానితో కలుస్తాయి. చెట్టు కింద ఉన్నంతసేపు నిక్షేపంలా ఉన్న ఆకు, బండి ఎక్కగానే చెత్త అయిపోతుంది. ఆ కలగాపులగం జవహర్‌నగర్ లాంటి గుట్టల కిందికి చేరి, గాలి తగలక కుళ్ళి, మీథేన్ అనే వాయువు విడుస్తుంది. చుట్టుపక్కల కాలనీలవాళ్ళు ఆ కంపు గురించి, నీళ్ళ గురించి ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. మన ఇంటి ముందు శుభ్రం కోసం వాళ్ళ ఇంటి ముందు గుట్ట పోస్తున్నాం. పోనీ, ఆ కలిసిన చెత్తతో ఎరువు చేసి రైతుకి ఇద్దామంటే, గాజుపెంకులు, ప్లాస్టిక్ తునకలు ఉన్న ఎరువు ఏ రైతు చేలో వేసుకుంటాడు? కాలికి గుచ్చుకునేది ఆయనకి. ఆకుని ఆకుగా ఉన్నప్పుడే పట్టుకోవాలి, కలిశాక ఏ యంత్రమూ పూర్తిగా విడదీయలేదు.

ఇది మన ఊళ్ళలో కుదరదని ఎవరూ అనకండి. సూర్యాపేట పురపాలక సంఘం రెండు దశాబ్దాల కిందటే ఇంటింటా తడీ పొడీ వేరు చేయించి, వానపాములతో ఎరువు చేసి, దేశంలో పేరు తెచ్చుకుంది. ఆ పని చూడటానికి వేరే రాష్ట్రాలవాళ్ళు వచ్చారు. బొబ్బిలి కూడా అలాగే పేరు పొందింది. అంత చిన్న ఊళ్ళు చేయగలిగినదాన్ని ఇంత నగరం చేయలేనంటే వినడానికి నాకు మనసు ఒప్పదు.

మా అపార్టుమెంటు సంఘం సమావేశంలో ఈ మాట ఎత్తాను. కార్యదర్శి కుర్రవాడు మంచివాడే. "అంకుల్, కంపోస్టు పిట్ పెడితే వాసనొస్తుందని కింది ఫ్లాట్లవాళ్ళు ఒప్పుకోరు. పాములొస్తాయంటారు. అంత స్థలం కూడా లేదు" అన్నాడు. రెండు కార్లు నిలిపే చోటు చాలు బాబూ, అన్నాను. వాసన ఎప్పుడొస్తుందో వీళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఎండాకులో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. అది ఒక్కటే వేస్తే ఏడాదైనా అలాగే ఉంటుంది. లాన్‌లో కోసిన పచ్చి గడ్డిలో, కూరగాయల తొక్కుల్లో నత్రజని ఎక్కువ. అది ఒక్కటే పోస్తే మూడో రోజుకి కంపు కొడుతుంది. రెండూ కలపాలి. నత్రజని ఒక వంతుకి కర్బనం ముప్ఫై వంతుల లెక్కన పడితే కుప్ప లోపల వేడి యాభై, అరవై డిగ్రీలకి ఎక్కుతుంది, కలుపు విత్తనాలు చచ్చిపోతాయి, వాసన రాదు. అంత లెక్క అక్కర్లేదనుకుంటే, ఒక బకెట్ పచ్చిదానికి రెండు మూడు బకెట్ల ఎండాకు అనుకోండి. పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి చాలు. వారానికోసారి తిరగేస్తే మూడు నాలుగు నెలల్లో ఎరువు. పేడ దొరకకపోతే పుల్లమజ్జిగ నీళ్ళు చల్లినా పనవుతుంది. వయ్యారిభామ కలుపుని పూత పట్టకముందే పీకి వేయాలి. తెగులు పట్టిన మొక్కని వేయకపోవడమే మంచిది. మామిడాకు, కొబ్బరాకు మందం, నెమ్మదిగా మాగుతాయి, చిన్న ముక్కలు చేస్తే తొందరగా అవుతాయి. ఇందులో ఇంజనీర్లు నేర్చుకోలేనిది ఏముంది?

ఇంత కూడా వద్దనుకునేవాళ్ళు ఆకుని ఊడ్చకుండా చెట్టు మొదట్లోనే కప్పి వదిలేయవచ్చు. ఎండాకాలంలో నేల తడి ఆరదు, నీళ్ళ ట్యాంకరు ఖర్చు తగ్గుతుంది. కానీ నేల మీద ఆకు కనబడితే అశుభ్రమన్న ఆలోచన మన బుర్రల్లో ఎవరు నాటారో! చెట్టు కింద నేలని కడిగిన గచ్చులా ఊడ్చి, మొరం తేలేలా చేసి, ఆపైన చెట్టు ఎండిపోతోందని మందులు పోస్తున్నారు. హైదరాబాదు నేల అసలే రాయి. దానికి కావలసిన మెత్తన ఆకులోనే ఉంది.

ఆకు కావలసినవాళ్ళు ఇదే నగరంలో ఉన్నారు. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు మిద్దె మీద తోట పెంచి, దాని గురించి రాసి, ఎంతోమందిని ఆ దారి పట్టించారు. ఇవాళ వీధికి నాలుగు మిద్దెతోటలున్నాయి. వాళ్ళు ఎరువు కోసం ఊళ్ళ మీద పడి తిరుగుతున్నారు. మా సంచులు వాళ్ళ వీధుల్లోంచే గుట్టకి పోతున్నాయి. పుణెలో బ్రౌన్ లీఫ్ అని ఒక బృందం ఆకు ఉన్నవాళ్ళనీ ఆకు కావలసినవాళ్ళనీ కలుపుతోంది. మన దగ్గర కాలనీకో వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో పొద్దున్నే పూలబొమ్మలు పంపుకుంటాం. "మా దగ్గర పది సంచుల వేపాకు ఉంది, వచ్చి పట్టుకెళ్ళండి" అని ఒక్క వాక్యం పెట్టడానికి ఏం అడ్డం?

ఇక కొమ్మల సంగతి. తొలకరికి ముందు తీగలకి తగిలే కొమ్మలు కొట్టడానికి మనుషులు వస్తారు. కొట్టింది కొట్టినచోటే పడేసి పోతారు. మా వీధిలో పోయినేడు తురాయి కొమ్మలు నడకదారి మీద వారాల తరబడి పడి ఉండి, ఎండి, చివరికి ఒక రాత్రి ఎవరో అంటించారు. కొమ్మలు మా గోతుల్లో కూడా పట్టేవి కావు, నిజమే. అప్పుడు పొయ్యిలుండేవి, ఇప్పుడు లేవు. కాబట్టి ఇక్కడ మాత్రం యంత్రం కావాలి. కొమ్మలు ముక్కలు చేసే యంత్రం కొత్తదేమీ కాదు, కొన్ని నగరపాలక సంస్థల దగ్గర ఉంది కూడా. కొట్టేవాళ్ళ వెనకే అది రావాలి. ముక్కలైన కట్టెపొట్టు ఏ పార్కుదైతే ఆ పార్కులో కాలిబాటల మీద, చెట్ల పాదుల్లో పరవాలి. వచ్చే శిశిరానికి ముందే ప్రతి పార్కులో, ప్రతి అపార్టుమెంటులో ఒక మూల ఇటుక తొట్టో, వల కట్టిన దడో లేవాలి. దాన్ని చూసుకునే మనిషికి జీతం విడిగా ఇవ్వాలి, ఊడ్చే అబ్బాయి మీద అదనంగా రుద్దకూడదు. మా సంఘానికి ఈ మాట రాసి ఇచ్చాను. వార్డు కార్యాలయంలో కూడా ఒక కాగితం ఇచ్చాను. కార్ల చోటు తగ్గుతుందని ఇద్దరు ముగ్గురు గొణిగారు. నా పేరు మీద ఉన్న కారు చోటు రాసిస్తాను, తొట్టి అక్కడే కట్టండి అని చెప్పి వచ్చాను.