డెన్వర్ ఎలుకలో ఒక ధమని ఆత్మకథ

అది ఎలుక ఊపిరితిత్తిలోని సన్నని ధమని. దాని ఊరు అమెరికాలోని డెన్వర్, సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తు. కథ చెప్పమంటే అది ముందు తన వంశం గుణమే చెబుతుంది.

ఒంట్లో మిగతా ధమనులు ఆక్సిజన్ తగ్గితే వెడల్పవుతాయి. తాను మాత్రం ముడుచుకుంటుంది. ఈ సంగతిని 1946లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఉల్ఫ్ వాన్ ఆయిలర్, గోరాన్ లిల్యెస్ట్రాండ్ పిల్లుల మీద ప్రయోగాలు చేసి తేల్చారు. గాలి అందని తిత్తి దగ్గరికి రక్తం వెళ్లి ప్రయోజనమేముంది? పైరు లేని మడికి తూము మూసి పక్క మడికి నీళ్లు మళ్లించే రైతు పనే తనదీ అంటుంది ధమని. న్యుమోనియాతో ఊపిరితిత్తిలో ఒక భాగం పనిచేయనప్పుడు రోగిని ఆదుకునే గుణం ఇది.

ఊపిరితిత్తి అంతటా ఒకేసారి ఆక్సిజన్ తగ్గితే మాత్రం ఇదే గుణం ప్రాణం మీదికి తెస్తుంది. కొలరాడో కొండల మీద మేసే కొన్ని ఆవుల్లో ధమనులన్నీ బిగుసుకుని, రక్తాన్ని తోయలేక గుండె కుడి జఠరిక అలసిపోతుంది. రొమ్ము కింద నీరు చేరి వాస్తుంది. ఈ జబ్బు గురించి అక్కడ 1915లోనే రాసిపెట్టారు.

ఇక ధమని బతుకును మార్చిన ప్రయోగం. డెన్వర్ పరిశోధకులు దాని ఫలితాలను 2001లో ప్రచురించారు. ఎలుకలను గాలి పలచబరిచిన గదిలో వారాల పాటు ఉంచారు. ఆక్సిజన్ తగ్గినప్పుడు కణాల్లో హిఫ్ అనే ప్రొటీన్ పోగుపడి వృద్ధి కారకాల జన్యువులను మేల్కొలుపుతుంది. ఆ దారిని విప్పిచెప్పినవారికే 2019లో వైద్య నోబెల్ వచ్చింది. పీడీజీఎఫ్ వంటి కారకాల వల్ల కండర కణాలు పెరిగి ధమని గోడ మందమవుతుంది. వీఈజీఎఫ్ అనే కారకం లోపలి పొర కణాలను బతికిస్తుంది. ఆక్సిజన్ కొరత ఒక్కటే అయితే, మళ్లీ మామూలు గాలి తగిలాక ధమని చాలావరకు కోలుకునేది.

అయితే ఈ ఎలుకలకు ఎస్‌యూ5416 అనే మందు కూడా ఇచ్చారు. క్యాన్సర్ గడ్డల్లో కొత్త రక్తనాళాలు మొలవకుండా తయారుచేసిన మందు అది. వీఈజీఎఫ్ సంకేతాన్ని కణానికి అందనివ్వదు. ఎదుగుదల సంకేతం ఆగితే ఎదుగుదలా ఆగాలి. జరిగింది దానికి తలకిందులు! ధమని లోపలి పొరలో కణాలు చచ్చిపోయాయి. చావుకు లొంగనివి కొన్ని మిగిలి, అదుపు లేకుండా పెరిగి రక్తం పారే దారినే పూడ్చేశాయి. మామూలు గాలిలోకి తెచ్చినా ఆ పూడిక తగ్గలేదు.

ఆక్సిజన్ తగ్గించకుండా మందు ఒక్కటే ఇచ్చిన ఎలుకల్లో ఊపిరితిత్తి ధమనుల రక్తపోటు స్వల్పంగానే పెరిగింది. కణాల చావును ఆపే మందు కూడా ఇచ్చిన ఎలుకల్లో పూడిక ఏర్పడలేదు. అంటే పెరుగుదలకు ముందు చావు ఉంది. ఈ ప్రయోగంలో అన్నిటికన్నా విలువైన ఫలితం ఇదే. వృద్ధి కారకం ఎక్కువైతేనే చేటు అనుకోవడం తప్పు; ఊపిరితిత్తి ధమనికి రోజువారీ బతుకే దాని మీద ఆధారపడి ఉంది.

ఊపిరితిత్తి ధమనుల్లో రక్తపోటు ముదిరిన మనుషుల్లో కనిపించే పూడికలూ ఇలాంటివే. అందుకే కొత్త మందులను ఈ రకం ఎలుకల మీద పరీక్షిస్తున్నారు. ఎదుగుదల సంకేతాల సమతూకం సరిచేసే సొటాటర్సెప్ట్ అలా వాటి మీద పరీక్షకు నిలిచి, 2024 మార్చిలో అమెరికాలో ఆమోదం పొందింది.

నాలుగు మెట్లెక్కితేనే ఆయాసం, కళ్లు తిరగడం, పాదాల వాపు ఉంటే వయసుదనో రక్తహీనతనో మీరే తేల్చేసుకోకండి; అది ఈ ధమనుల రక్తపోటు కూడా కావచ్చు. గుండె ఎకో పరీక్ష అవసరమేమో డాక్టరును అడగండి.