తహసీల్దారు గోపన్న గారికి ఒక పంతులు విన్నపం

మహారాజశ్రీ పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న గారి సముఖానికి,

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో అడవి మొదలయ్యే చోట సర్కారు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన పంతులు రాసుకునేది. బతికున్న అధికారులకు పెట్టిన అర్జీలు ఇన్‌వార్డు నంబరు దాటి లోపలికి పోలేదు. అందుకని మీకు రాస్తున్నాను. కట్టడం ఖర్చు మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో మీకంటే తెలిసినవారు ఈ ప్రాంతంలో లేరు. సర్కారు సొమ్ము ఆరు లక్షల మొహరీలు భద్రాచలం రాముడి గుడికి పెట్టారని మిమ్మల్ని పన్నెండేళ్లు గోల్కొండ చెరలో ఉంచారంటారు. అక్కడుండి కూడా ఏ నగకు ఎంతయిందో రాముడికే కీర్తన కట్టి లెక్క చెప్పారు. అలా పద్దు పాడిన తహసీల్దారును మీ తర్వాత మేం చూడలేదు.

మా కథ అడ్డం తిరిగింది. మా పక్కనున్న పార్కులో ఒక దాత పిల్లల కోసం ప్రకృతి అధ్యయన కేంద్రం కట్టించి ఇచ్చారు. సర్కారు పైసా పడలేదు కనుక ఎవరూ లెక్క అడగలేదు. ప్రారంభం రోజున పిల్లల్ని ఎండలో రెండు వరసలుగా నిలబెట్టాం. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

మొదటి వానకే స్లాబు ఉరిసింది. గోడల మీది పక్షుల పటాలకు చెమ్మ, కిటికీలకు చెదలు, నీళ్ల పైపులకు కోతులు పట్టాయి. మోటారు కాలిపోయింది. కరెంటు బిల్లు ఎవరి పేర రావాలో తేలక కాగితం రెండు ఆఫీసుల మధ్య తిరిగింది. పార్కు ఒకరిది, బిల్డింగు అప్పగించింది ఇంకొకరికి, పిల్లలేమో మూడో శాఖవాళ్లు. చివరికి కాపలావాడి జీతం పంచాయతీ నెత్తిన పడితే, వాళ్లు వీధి దీపాల డబ్బులోంచి సర్దారు. పిల్లలకు అడవిని చూపించడానికి మా బజారు చీకటైంది.

దాతను తప్పుపట్టను, దానం పద్ధతే అలా ఉంది. 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలని చట్టం. 2021లో సవరించిన నిబంధనల ప్రకారం ఆ సొమ్ముతో కట్టిన ఆస్తిని కంపెనీ తన పేర ఉంచుకోకూడదు. అప్పగింతతో వాళ్ల పని అయిపోతుంది, మనది మొదలవుతుంది. సినిమా హీరోలు అడవినే దత్తత తీసుకున్నారు. 2020లో ఖాజీపల్లి దగ్గర 1650 ఎకరాల అడవికి ప్రభాస్ 2 కోట్లిచ్చారు. మంచి పనే. పంతులు బుద్ధి కదా, భాగించి చూశాను: ఎకరాకు 12 వేల చిల్లర. కంచె, గేటు, వ్యూ పాయింటు కడతారు, సరే. కంచె తెగిన ప్రతిసారీ, ఎండాకాలం అగ్గి పడ్డ ప్రతిసారీ పరుగెత్తాల్సింది అటవీ శాఖ వాచరే కదా?

కార్నెగీ అనే అమెరికా ధనవంతుడు వివిధ దేశాల్లో 2500కు పైగా గ్రంథాలయాలు కట్టించాడు. డబ్బిచ్చే ముందు ఊరివాళ్లతో షరతు రాయించుకునేవాడు: తానిచ్చినదాంట్లో పదోవంతు ఏటా ఊరు పన్నుల్లోంచి నిర్వహణకు తీయాలని. కొన్ని ఊళ్లు వద్దు పొమ్మన్నాయి. కనీసం లెక్క తెలిసి వద్దన్నాయి. అంత దూరమెందుకు, మిమ్మల్ని చెరలో పెట్టిన గోల్కొండ నవాబు తానీషా గారే సీతారాముల కల్యాణానికి ఏటా ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ పెట్టారంటారు. నవాబులు పోయారు, నిజాములు పోయారు, రాష్ట్రం విడిపోయింది. నవమికి సర్కారు ముత్యాలు వస్తూనే ఉన్నాయి. ఏమనుకోకండి, గుడి కట్టిన మీకంటే ఏటేటా పద్దు పెట్టిన ఆయన తెలివే నాకు ఎక్కువ నచ్చింది.

ఇక పిల్లల సంగతి. పర్యావరణ పాఠం చెప్పి తీరాలని 1991లో సుప్రీంకోర్టు అంది. 2001లో బడుల్లో జాతీయ హరిత దళం వచ్చింది, బడికి ఏడాదికి కొద్దిపాటి డబ్బిచ్చేవారు. కిన్నెరసాని అభయారణ్యం సుమారు 635 చదరపు కిలోమీటర్లు, మాకు దగ్గరే. బస్సు కిరాయికే ఆ డబ్బు చాలేది కాదు.

ఒక కార్తీకంలో వనభోజనాలని ఆ పార్కుకే పోయాం. కేంద్రానికి తాళం. తాళంచెవి సారు దగ్గర, సారు కొత్తగూడెంలో మీటింగులో. ఉసిరిచెట్టు కింద కూచున్నాం. మేకలు తోలుకొచ్చిన కోయ తాత ఒకాయన మా అవస్థ చూసి పిల్లల్ని లోపలికి నడిపించాడు. ఇప్పచెట్టు బెరడు మీద గోళ్ల గీతలు చూపించి ఎలుగు ఎక్కిందన్నాడు. ఎండాకాలం ఆకు లేతగా రావాలంటే తునికి కొమ్మ ముందే ఎందుకు కొడతారో చెప్పాడు. ఆరో తరగతి పిల్ల ఒకతి “తాతా, పులి ఉన్నదా?” అని అరిచింది. “ఉంటే ఇంత గట్టిగా అడుగుతవా బిడ్డా?” అన్నాడు. నేను ముప్ఫై ఏళ్లలో అంత మంచి పాఠం చెప్పలేదు.

మీరు గుడి కట్టకముందు అక్కడ రాముడికి ఆకుల పందిరి వేసింది పోకల దమ్మక్క అనే భక్తురాలంటారు.  ఈ తాతదీ అలాంటి పనే. స్లాబు మరమ్మతుకు ఎస్టిమేటు ఉంటుంది, ఆయన నోటిమాటకు ఉండదు.

నా మనవి ఒక్కటే. ఎవరైనా బిల్డింగు దానమిస్తామంటే పదేళ్ల కరెంటు, కాపలా, సున్నం ఎవరు భరిస్తారో శిలాఫలకం మీద దాత పేరు కిందే చెక్కించే ఉత్తర్వు మీ సంతకంతో ఇప్పించండి.

వచ్చే కార్తీకానికి తాత వస్తానన్నాడు, చుట్టల కట్ట ఒకటి తెమ్మన్నాడు. బడి రిజిస్టర్లో దాన్ని ఏ పద్దు కింద రాయాలో సెలవియ్యగలరు.

చిత్తగించవలెను,
అడవి అంచు పంతులు