ఆగ్నేయంలో వైఫై

మా ఇంట్లో రౌటర్ వంటింట్లో ఉండేది. ఎందుకని ఎవరైనా అడిగితే మా నాన్నగారిని చూపించేవాణ్ణి.

కూకట్‌పల్లిలో ఈ ఫ్లాట్‌లోకి వచ్చిన మూడోరోజున కనెక్షన్ ఇవ్వడానికి కుర్రాడొచ్చాడు. గుమ్మం పక్కన ఫైబర్ డబ్బా బిగించి, "రౌటర్ ఎక్కడ పెట్టమంటరు సార్?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు నాన్నగారు కుర్చీలోంచి విచారణ మొదలెట్టారు.

"కరెంటుతో నడిచేదేనా?"

"అవును తాతా."

"దీపాలు వెలుగుతాయా?"

"నాలుగు వెలుగుతయ్."

"అయితే అగ్ని. ఆగ్నేయంలో పెట్టు."

ఆగ్నేయమంటే వంటిల్లు. గుమ్మం నుంచి అక్కడిదాకా తెల్ల కేబులొకటి లాగి, ఫ్రిజ్ నెత్తిన రౌటర్‌ని కూర్చోబెట్టి వెళ్ళిపోయాడు కుర్రాడు. దాని పక్కన జానెడు దూరంలో మైక్రోవేవ్ ఓవెన్. వెనకాల స్టీలు డబ్బాల వరస. పోపు వేసినప్పుడల్లా రౌటర్ మీద కాస్త జిడ్డు పేరుకునేది. పండగలకి మా ఆవిడ తడిగుడ్డతో తుడిచేది. బొట్టు పెట్టడం ఒక్కటే తక్కువ.

అంతా బాగానే ఉన్నట్టుండేది, నాన్నగారి గదిలో తప్ప. ఆయన గది వాయవ్యం. ఆగ్నేయం నుంచి వాయవ్యానికి వెళ్ళాలంటే ఇంటిని మూల నుంచి మూలకి కోసుకుంటూ పోవాలి. దారిలో రెండు గోడలు, హాల్లో టీవీ. ఇవన్నీ దాటాక మా అమ్మ పెళ్ళినాటి ఇనప బీరువా, దానికి నిలువుటద్దం. ఇనుము సిగ్నల్‌ని లోపలికి పోనివ్వదు. అద్దం వెనకుండే పూత కూడా లోహమే కాబట్టి అదీ తిప్పికొడుతుంది. ఆ గదిలోకి చేరిన సిగ్నల్ ఏదైనా ఉంటే దానికి దండం పెట్టాలి.

ఆ కాస్త సిగ్నల్‌తోనే నాన్నగారు రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి తన పాత ట్యాబ్‌లో ప్రవచనం వింటారు. ఆ నెల గజేంద్ర మోక్షం నడుస్తోంది. మొసలి ఏనుగు కాలు పట్టుకుంది. ఏనుగు మొరపెట్టుకుంది. సరిగ్గా విష్ణుమూర్తి లేవబోయే సమయానికి బొమ్మ ఆగిపోయేది. ఇలా వారం గడిచింది.

"ఏరా, తెర మీద చక్రం తిరుగుతోంది గానీ స్వామి రావట్లేదు," అన్నారు నాన్నగారు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. పద్నాలుగు నిమిషాలు సన్నాయి వినిపించి, "ఒకసారి ఆఫ్ చేసి, పది లెక్కపెట్టి, ఆన్ చేయండి సార్" అన్నారు. చేశాను. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఈ వైద్యం చాలాసార్లు పనిచేస్తుంది. మాకు మాత్రం పన్నెండు నిమిషాలే పనిచేసింది.

మర్నాడు మళ్ళీ ఆ కుర్రాడే వచ్చాడు. ఫ్రిజ్ దగ్గర నిలబడి తన ఫోన్‌లో వేగం కొలిచాడు. 94 వచ్చింది. "100 ప్లాన్‌కి 94 అంటే ఫస్ట్ క్లాస్ సార్. మీ ఇంట్లనే ఏదో ఉంది," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తర్వాత తేలిందేమిటంటే వాడు చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఒకరి ఇంట్లో నిలబడి ఆ మాట అనకూడదు.

పంతం కొద్దీ 300 ప్లాన్‌కి మారాను. కొలిస్తే మళ్ళీ 94. డబ్బులు మాత్రం మూడొందల లెక్కనే పోయాయి. ఈ గుట్టు మా అమ్మాయి విప్పింది. అది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంటినుంచే చేస్తుంది, దాని కోపానికి సాంకేతిక కారణాలుంటాయి. కేబుల్‌ని చేత్తో తడుముకుంటూ వెళ్ళి వంటింటి తలుపు దగ్గర ఆగింది. తలుపు వేసిన ప్రతిసారీ కేబుల్ కిందపడి నలిగి, అప్పడంలా తయారై ఉంది. ఆ కేబుల్లో ఎనిమిది తీగలుంటాయట. నాలుగు బతికి ఉన్నా 100 దాకా లాక్కొస్తాయి, నువ్వెంత ప్లాన్ కట్టినా ఆ పైన ఒక్క మెట్టు ఎక్కవు. 300 రావాలంటే ఎనిమిదీ కావాలి. ఇన్ని రోజులుగా నేను నాలుగు తీగలకి ఎనిమిది తీగల జీతం ఇస్తున్నానన్నమాట.

"అది సరే, తాతయ్య గదిలో 94 కూడా లేదు కదా, 3 వస్తోంది. అది వేరే రోగం నాన్నా," అంది.

ఫోన్‌లో ఏదో యాప్ తెరిచి చూపించింది. మా ఫ్లాట్ గాల్లో 23 వైఫైలు తిరుగుతున్నాయి. "సాయికృప 302", "అడగొద్దు ఇవ్వను", "మీకు లేదా", తక్కినవన్నీ కంపెనీ పెట్టిన నంబర్లు. అన్నీ ఇంచుమించు ఒకే చోట కిక్కిరిసి ఉన్నాయి. నాకర్థమైనంతవరకూ ఇది మున్సిపాలిటీ కుళాయి. ఒకసారికి ఒక బిందే పట్టాలి. పక్కవాళ్ళు పడుతుంటే మనం ఆగాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని నీళ్ళు ఒకదాంట్లో పడకుండా ఉండే కుళాయిలు మూడే ఉన్నాయి, 1, 6, 11. అపార్ట్‌మెంట్ సగం 6 దగ్గరే నిలబడింది. మేం 11కి మారాం. రెండ్రోజులు హాయిగా ఉంది. మూడోరోజుకి ఎవరో మమ్మల్ని చూసినట్టు 11కి వచ్చేశారు.

ఇంకో బిందె కూడా దొరికింది. పైఫ్లాట్ పిల్లాడు. లాక్‌డౌన్‌లో వాడికి ఆన్‌లైన్ క్లాసులంటే మా ఆవిడే పాస్‌వర్డ్ ఇచ్చింది. ఇప్పుడు వాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, మా వైఫైలోనే. పాస్‌వర్డ్ మార్చేద్దామంటే, "వాళ్ళమ్మ మొన్నే ఆవకాయ పంపింది. ఏ మొహంతో మారుస్తారు?" అంది మా ఆవిడ. ఆ ప్రస్తావన అక్కడితో ముగిసింది.

ఐదు గిగాహెర్ట్జ్‌లో పెడితే ఈ రద్దీ ఉండదు కదా అన్నాను, అప్పటికి నాకూ నాలుగు ముక్కలు వచ్చాయి కాబట్టి. ఉండదు. వేగం కూడా ఎక్కువే. కానీ దానికి గోడలంటే పడదు. కొత్తల్లుడిలా హాల్లోనే కూర్చుంటుంది, లోపలి గదుల్లోకి రాదు. 2.4 పాత చుట్టం లాంటిది, కాస్త నెమ్మదైనా ఏ గదిలోకైనా దూరిపోతుంది. నాన్నగారి గదికి ఆ చుట్టమే దిక్కు.

చివరికి అసలు దొంగని పట్టింది నాన్నగారే. ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర, "ఒరేయ్, నేనొకటి గమనించాను. కోడలు వంటింట్లో ఏదో గంట కొడుతోంది. ఆ గంట మోగగానే స్వామి కదులుతున్నాడు," అన్నారు.

మా ఇంట్లో గంటకొట్టేది ఒకటే వస్తువు.

పరీక్ష పెట్టాం. మా అమ్మాయి ఒక కప్పు నీళ్ళు ఓవెన్‌లో పెట్టి మూడు నిమిషాలకి తిప్పింది. నాన్నగారు గదిలో ట్యాబ్ ముందు. నేను హాల్లో, ఇద్దరి మధ్యా వార్తాహరుణ్ణి. ఓవెన్ గుర్రుమంది. "ఆగిపోయాడు!" అని వాయవ్యం నుంచి కేక. మూడు నిమిషాలు ఊపిరి బిగపట్టాం. టింగ్. "కదిలాడు!" మళ్ళీ పెట్టాం, మళ్ళీ ఆగాడు. ఆ వేడినీళ్ళతో మా ఆవిడ టీ పెట్టేసింది.

సంగతేమిటంటే ఓవెన్ కూడా 2.4 వీధిలోనే కాపురముంటుంది. సెకనుకి 245 కోట్ల సార్లు ఊగే తరంగాలతో అది సాంబారు వేడిచేస్తుంది. దాని బలం 800 వాట్లు. రౌటర్ గొంతు వాటులో పదోవంతు. ఓవెన్ తలుపు సందుల్లోంచి బయటికొచ్చే రవ్వంత మనకి హాని చేయదు. కానీ పక్కనే జానెడు దూరంలో కూర్చుని, రెండు గోడల అవతలికి చెవిలో చెప్పినట్టు మాట్లాడే వైఫైకి మాత్రం అది పెళ్ళిబాజా. మా ఆవిడ కూరలు వేడిచేసేది ఎనిమిదీ నలభైకి. గజేంద్రుడి ప్రాణం మా సాంబారు చేతిలో ఉందని వ్యాసుడికి కూడా తెలిసి ఉండదు.

"రౌటర్ ఇంటి మధ్యలో పెడితే అన్ని గదులకీ సమంగా వస్తుంది," అంది మా అమ్మాయి.

"మధ్యలో అంటే బ్రహ్మస్థానం. అక్కడ బరువు పెట్టకూడదు," అన్నారు నాన్నగారు.

"పావుకిలో కూడా ఉండదు తాతయ్యా!"

"బరువు బరువే."

పోనీ ఓవెన్ జరుపుదామంటే అది నికార్సయిన అగ్ని, ఆగ్నేయం వదలడానికి వీల్లేదు. అప్పుడు నాకు జీవితంలో మొదటిసారి ఒక శాస్త్రీయమైన ఆలోచన వచ్చింది. "నాన్నా, కరెంటు దీపాలు పైకి కనిపించే వేషం. అసలు ఇది చేసే పనంతా గాల్లో కదా? మరి అగ్ని ఎలా అవుతుంది? వాయువు కదా?" అన్నాను.

ఆయన జవాబు చెప్పలేదు. పొద్దున్నే కాఫీ తాగుతూ, "నువ్వన్నది ఆలోచించాను. వాయువే. వాయవ్యంలో ఉండాలి," అన్నారు.

"వాయవ్యమంటే మీ గదే కదా!"

"ఎవరి గదైతేనేంరా. శాస్త్రం శాస్త్రమే."

ఇరవై మీటర్ల కొత్త కేబుల్ తెప్పించి, తలుపుల కింద నలక్కుండా గోడ పైనుంచి తిప్పాం. ఎనిమిది తీగలూ పలికాయి. నాన్నగారి కిటికీ గట్టు మీద 280 వచ్చింది. ఆ రాత్రే విష్ణుమూర్తి బయల్దేరాడు, మొసలి తెగింది, ఏనుగు ఒడ్డెక్కింది. నాన్నగారు లేచి బయటికొచ్చి నా భుజం తట్టారు. వంటింట్లో మా ఆవిడ సీరియల్ మాత్రం ఆగుతోంది. ఓవెన్ ఉన్నది అక్కడే కదా. ఆ ఫిర్యాదు పరిశీలనలో ఉంది.

నాన్నగారు తొమ్మిదిన్నరకి పడుకుంటారు. చీకట్లో ఆ నాలుగు దీపాలూ మిణుకుమిణుకుమంటుంటే ఆయనకి నిద్రపట్టదట. అందుకని పడుకోబోయే ముందు చెయ్యి చాపి స్విచ్ ఆపేస్తారు. హాల్లోకి స్పష్టంగా వినబడుతుంది, టక్‌మని.

నిన్న సరిగ్గా ఆ వేళకే మా అమ్మాయి అమెరికా మీటింగులో ఉంది. దాని మేనేజరు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఆయన మొహం మీద చక్రం తిరుగుతోంది.