ఇంకా ఉంది

మా రోజుల్లో కథ ఆలస్యమైతే కథ రాసినవాణ్ణి తిట్టేవాళ్ళం కాదు. ఎదురు చూసేవాళ్ళం. చూసి చూసి, అది వచ్చిన నాడు ఇంటిల్లిపాదీ పనులు మానుకుని కూర్చునేవాళ్ళం. ఇప్పటి మీ సంగతి చూస్తున్నాను కదా నాయనా, ఒళ్ళు మండిపోతోంది. అమెరికాలో జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ అని ఒకాయన 1996లో ఓ పెద్ద కథ మొదలుపెట్టాడు. రాజులు, కోటలు, డ్రాగన్లు. అయిదో పుస్తకం 2011 జులైలో వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు. అందుకని మా మనవడూ వాడి జట్టూ ఆయనకి పెట్టే శాపనార్థాలు చెవులతో వినలేం. సోమరిపోతట. డబ్బు తిని పడుకున్నాడట. పుస్తకం పూర్తి చెయ్యకుండానే పోతాడట. డెబ్బయి అయిదు దాటిన మనిషి రా ఆయన, బతికుండగానే ఆయన చావు మీద పందేలు కాస్తారా? ఇక్కడ అండమాన్‌లో, చౌల్దారీలో పోక తోట పక్క అరుగు మీద కూర్చున్న గుంటడికి ఆయన మీద అంత హక్కు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆ కథనే టీవీలో తీస్తే, 2019లో ఆఖరి భాగం నచ్చలేదని, మళ్ళీ తీయమని పదిహేను లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారట. నచ్చకపోతే నచ్చలేదను. పక్కవాడితో గంటసేపు వాదించు. కథ అయిపోయాక తిరగరాసి ఇమ్మని దబాయించడమేమిటి?

మాకు కథ ఓడ మీద రావాలి. ఇక్కడికీ విశాఖపట్నానికీ మధ్య దరిదాపు పన్నెండు వందల కిలోమీటర్ల నీళ్ళు. బయల్దేరిన ఓడ మూడో నాటికి చేరితే చేరినట్టు, గాలీ వానా పట్టుకుంటే దేవుడే దిక్కు. మద్రాసు నుంచీ కలకత్తా నుంచీ వచ్చే ఓడలు కాస్త నయం, విశాఖ ఓడ ఎప్పుడో గాని వచ్చేది కాదు. అది హడ్డో రేవులో కట్టిందని కబురు తెలిస్తే, శ్రీకాకుళం వైపు నుంచి ఎవరొచ్చారో, ఎవరి మూటలో ఏముందో అని పోర్ట్ బ్లెయిర్‌కి బస్సెక్కేవాళ్ళం. (దాన్నిప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు. నా నోటికి ఆ పేరు ఇంకా పట్టుబడలేదు.) చింతపండు, ఎండుమిరపకాయలు, పెళ్ళి కబుర్లు, చావు కబుర్లు, వాటి అడుగున మడతలు పడ్డ చందమామ పత్రిక. సంక్రాంతి నాటి సంచిక మాకు శివరాత్రి దాటాక చేతికొచ్చేది. అయినా అది మాకు కొత్తదే.

వచ్చిందా, ఇక ఇంట్లో బేతాళ కథ వద్దు, రామాయణం వద్దు. ముందు సీరియల్. శిఖిముఖీ విక్రమకేసరీ ఏమయ్యారు? ఖడ్గవర్మా జీవదత్తుడూ ఏ గుహలో చిక్కుకున్నారు? మా వీధిలో చదువొచ్చినవాళ్ళు తక్కువ. రోడ్డు పనికొచ్చి స్థిరపడిపోయిన సంసారాలు, చేపల వేటకొచ్చిన సంసారాలు. ఒక పెద్దాయన ఉండేవాడు, కిరసనాయిలు దీపం దగ్గర పెట్టుకుని గట్టిగా చదివేవాడు. ప్రతి భాగం మొదట్లో బ్రాకెట్లలో వెనకటి కథ నాలుగు ముక్కల్లో వేసేవారు చూడండి, అదీ వదిలేవాడు కాదు. పిల్లలం గోల పెట్టినా, నింపాదిగా, గొంతు సవరించుకుని, దాన్నీ చదివేవాడు. బయట రేకుల మీద వాన. ఈ దీవుల్లో ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన పడుతుంది, ఆ చప్పుడు మీద వినబడాలంటే ఆయన అరవాల్సి వచ్చేది. మాంత్రికుడు అరిచినప్పుడు ఆయనా అరిచేవాడు. పొయ్యి దగ్గర ఉన్న మా అమ్మ, ఆ భల్లూకాన్నో ఆ రాక్షసుణ్ణో ఇంకా చంపరేమిటర్రా అని అక్కణ్ణుంచే తిట్టేది. పాత్రని తిట్టేది, రాసినవాణ్ణి కాదు. ఆ తేడా మీకు తెలియకపోతే ఎలా?

సరిగ్గా కత్తి ఎత్తిన చోట భాగం అయిపోయేది. ఇక నెల రోజులు. మాకయితే నెలన్నర, రెండు నెలలు.

ఆ రెండు నెలల్లోనే ఉందిరా అసలు రుచి. బడికి వెళ్ళే దారిలో అదే మాట, నీళ్ళు మోసేటప్పుడు అదే మాట. ఒకడు జీవదత్తుడి దండంలో మంత్రం ఉందంటాడు, ఇంకొకడు ఖడ్గవర్మ కత్తితోనే పని జరగాలంటాడు. ఆడపిల్లలు ఇంకో దారి చెప్పేవారు, చాలాసార్లు వాళ్ళు చెప్పిందే నిజమయ్యేది. ఒక్కోసారి మధ్యలో ఒక సంచిక అసలు వచ్చేదే కాదు, దాని తర్వాతది వచ్చేది. అప్పుడు చూడాలి మా సంబరం. రాని భాగంలో ఏం జరిగిందో మేమే అల్లుకునేవాళ్ళం. అల్లుకున్నాక, చేతిలో ఉన్న సంచిక తెరిచి, ఆ బ్రాకెట్లలోని వెనకటి కథతో సరిచూసుకునేవాళ్ళం. మాది తప్పయితే, మాదే బాగుందని వారం రోజులు పోట్లాడుకునేవాళ్ళం. ఆ రాని భాగాలు చాలా ఏళ్ళ తర్వాత, ఆ సీరియళ్ళు పుస్తకాలుగా అచ్చయ్యాక, ఇప్పుడు చదివాను. చాలా బాగున్నాయి. మా అల్లికా బాగానే ఉండేదని ఇప్పటికీ అంటాను.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది ఈ దీవుల్లో ఉన్నవాళ్ళకే అర్థమవుతుంది. మా చుట్టుపక్కల అందరూ తెలుగువాళ్ళు కారు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళున్నారు, తమిళులున్నారు, మలయాళీలున్నారు, రాంచీ వైపు నుంచి వచ్చినవాళ్ళున్నారు. తెలుగులో చందమామ 1947 జులైలో మొదలయింది. తమిళంలో అంబులిమామా కూడా ఆ ఏడే. హిందీలో 1949 నుంచి. మలయాళంలోనూ వచ్చేది, తర్వాత తర్వాత బెంగాలీలోనూ. అన్నిట్లో అదే సీరియల్, అవే బొమ్మలు. ఒకే మాంత్రికుడు అన్ని భాషల్లో గర్జించేవాడు. బస్సులో పక్కనున్న తమిళ కుర్రాడి చేతిలో మాకింకా రాని సంచిక కనిపించేది, వాళ్ళ ఓడ ముందొచ్చింది కదా. అక్షరాలు చదవలేం, బొమ్మ చూసి సగం తెలుసుకునేవాళ్ళం, మిగతా సగం వాడు మన అండమాన్ హిందీలో చెప్పబోతే చెవులు మూసుకునేవాళ్ళం. చెప్పొద్దురా, చెప్పొద్దు, మాది వచ్చాక మేం చదువుకుంటాం అని బతిమాలేవాళ్ళం. వాడు ఆగేవాడు. ఆ మర్యాద ఉండేది. మీకేదీ? 2015 జులై 10న బాహుబలి మొదటి భాగం వచ్చింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని 2017 ఏప్రిల్ 28 దాకా దేశమంతా అడిగింది. అది నాకు నచ్చింది, చెప్పొద్దూ. చాలా కాలానికి మళ్ళీ అందరూ ఒకే కథ కోసం కాచుకుని ఉన్నారు కదా అనుకున్నాను. తీరా రెండో భాగం వచ్చిన నాడు, మొదటి ఆట వదలకుండానే జవాబు నా ఫోన్లోకి వచ్చి పడింది. నేనడిగానా? 2020 ఆగస్టులో మద్రాసు నుంచి సముద్రం అడుగున రెండు వేల మూడు వందల కిలోమీటర్ల తీగ వేశారు మనకి. చదువులకీ వైద్యానికీ మంచిదే, కాదనను. కానీ కథల పాలిట అది శత్రువు. ఎక్కడో ఎవడో పేజీ తిప్పితే ఇక్కడ మాకు ముగింపు తెలిసిపోతోంది.

మేమెప్పుడూ కోపగించుకోలేదని కాదు. 1964లో రాకాసిలోయ అయిపోయింది. కేశవుడూ జయమల్లూ వెళ్ళిపోయారు. ఆ తర్వాత మాంత్రికులు రాలేదు. బంకించంద్రుడి దుర్గేశనందిని వేశారు, దాని వెనకే నవాబు నందిని. మంచి కథలే. కోటలున్నాయి, కత్తులున్నాయి, గుర్రాలున్నాయి. ఒక్క రాక్షసుడు లేడు. మా పెద్దాయన అంతే శ్రద్ధగా చదివాడు గాని, పిల్లలం ఒక్కొక్కళ్ళం జారుకోవడం మొదలెట్టాం. ప్రతి ఓడకీ వెళ్ళడం, పుస్తకం తెరవడం, ఉసూరుమనడం. మద్రాసులోని చందమామ ఆఫీసుకి కార్డు రాద్దామని పెద్దపిల్లలు అనుకున్నారు. కార్డుల సంగతి మాకు తెలుసు. ఫోటో వ్యాఖ్యల పోటీకి రాసి పంపితే, అది చేరేలోపు గడువు దాటిపోయి, గెలిచినవాళ్ళ పేర్లు కూడా అచ్చయిపోయేవి. అయినా రాసేవాళ్ళం అనుకో.

1966లో పాతాళదుర్గం మొదలయింది. ఆ రాత్రి చదివించుకోవడానికి మా అరుగు చాలలేదు. ధూమకుడూ సోమకుడూ ఎవరో ఇంకా తెలియకముందే మాకు వాళ్ళు చుట్టాలైపోయారు. చదవడం అయ్యాక కాసేపు ఎవరూ లేవలేదు. తర్వాత ఒక ముసలాయన బీడీ ముట్టించి, ఏమైనా కంచుకోటంత లేదర్రా, ఆ రోజులే వేరు అన్నాడు. మా పిల్లలకి ఆయన మీద ఎంత కోపం వచ్చిందో! ఇప్పుడాలోచిస్తే ఆయన మాటలో న్యాయం ఉంది. కంచుకోట గొప్ప కథే.

బొమ్మల మాట ఎత్తకుండా ముందుకి పోలేను. చిత్రా అని చిన్న సంతకం ఉండేది మూలన. ఆయన గీసిన మొసలి తల మనిషినీ, రాతి మెట్లనీ చూశాక రాత్రి పెరట్లోకి ఒక్కణ్ణీ వెళ్ళేవాణ్ణి కాదు. ఇక అట్ట మీద బొమ్మ వడ్డాది పాపయ్య గారిది. ఆయన మా శ్రీకాకుళం మనిషని మా నాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ఇక్కడి చెమ్మకి అట్టలు ఊడిపోయేవి, చెదలు పట్టేవి. ఎండ కాసిన రోజు పుస్తకాలు చాప మీద పరిచి ఆరబెట్టడం నా పని. మీ ఫోన్లోని పుస్తకానికి చెద పట్టదు, సరే. ఎండలో ఆరబెడుతూ మళ్ళీ మొదటి పేజీ నుంచి చదువుకునే పని కూడా మీకు లేకపోయింది.

బొమ్మ కింద సంతకం ఉండేది గాని, కథ కింద పేరు ఉండేది కాదు. తోకచుక్క 1954లో మొదలయింది. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, ఇలా ఇరవై ఏళ్ళ పైబడి ఒక్క చేత్తో రాసిన మనిషి పేరు మాకు తెలియదు. చక్రపాణి గారు రాస్తున్నారని కొందరు, కొడవటిగంటి కుటుంబరావు గారని కొందరు. దేవుడే రాస్తున్నాడేమోనని నేను. దాసరి సుబ్రహ్మణ్యం అన్న పేరు నేను విన్నది నా జుట్టు నెరిశాక. 1952 నుంచీ చందమామ ఆఫీసులో కూర్చుని, నెల తప్పకుండా, దేశంలో ఇన్ని భాషల పిల్లల్ని కత్తి అంచు మీద నిలబెట్టిన మనిషి. 2010 జనవరిలో పోయారు. సముద్రానికి ఇవతల ఒక అరుగు మీద ఆయన కోసం ఎంతమంది కాచుకుని ఉండేవారో, మా అమ్మ ఆయన రాక్షసుల్ని ఎలా తిట్టేదో ఆయనకి చెప్పే దారి మాకు లేకపోయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

ఈ ఒక్క విషయంలో మీ కాలం మా కాలం కన్నా మేలని ఒప్పుకుంటాను, మరి దేంట్లోనూ ఒప్పుకోను. మీకు రాసినవాడి పేరు తెలుసు. ముఖం తెలుసు. మీరు నాలుగు మాటలు రాస్తే ఆయన దాకా పోయే దారి ఉంది. అయ్యా, మీ కథ మా ఇంట్లో చదువుకున్నాం, మిగతాది నిదానంగానే రాయండి, మేం ఉన్నాం అని ఒక్క ముక్క రాయొచ్చు కదా! అంత దారి చేతిలో పెట్టుకుని, దాని మీద బూతులా పంపుతారు? మాకు ఆ దారి ఉండి ఉంటే, దాసరి వారికి మా పెద్దాయన చేత ఎంత ఉత్తరం రాయించేవాళ్ళమో మీకేం తెలుసు? ఇది చెప్పి మా మనవణ్ణి నిలదీశాను. వాడు తల దించుకున్నాడు. ఆ సాయంత్రం ఆ రచయితకి ఇంగ్లీషులో ఏదో రాశాడు, నాకు చదివి వినిపించాడు, బాగానే ఉంది.

అప్పణ్ణుంచి ఆ డ్రాగన్ల కథ నాకు చెబుతున్నాడు. మొదటి పుస్తకం అయింది. నెడ్ స్టార్క్ అనే పెద్దమనిషి తల తీయించేశారు. అంతటి ధర్మాత్ముణ్ణి మా చందమామలో అయితే చావనిచ్చేవారు కారు. ఆ పూట అన్నం సయించలేదు. చిన్నపిల్ల ఆర్యా తప్పించుకుంది, మగపిల్లాడి వేషంలో ఉత్తరాన ఇంటికి చేరుతుందని నేనంటున్నాను. వాడు నవ్వుతున్నాడు. వాడికి తెలుసు, చెప్పొద్దన్నాను. రెండో పుస్తకం వచ్చే ఆదివారం మొదలెడతాం. ఆదివారానికి ఒక్క అధ్యాయం, అంతకు మించి పేజీ తిప్పితే లేచి వెళ్ళిపోతానని ముందే చెప్పేశాను.