నేను టీకాల డబ్బాను

నా అసలు పేరు వ్యాక్సిన్ క్యారియర్. నూజివీడు పల్లెల్లో మాత్రం నేను టీకాల డబ్బానే. చుట్టూ 4 ఐస్ ప్యాక్‌లు, నడుమ చిన్న చిన్న మందు సీసాలు. లోపల 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం నిలపడమే నా ఉద్యోగం. టీకాకు వేడి తగలకూడదని అందరికీ తెలుసు. గడ్డకట్టినా చేటేనని తెలిసినవాళ్లు తక్కువ. పెంటావాలెంట్ ఒక్కసారి గడ్డకడితే ఇక పారేయాల్సిందే. అందుకే మా నర్సమ్మ ఐస్ ప్యాక్‌లను ఫ్రీజర్‌లోంచి తీసీ తీయగానే నాలో సర్దదు. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఆడించి, లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినబడ్డాకే పెడుతుంది.

ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి వైపు తిరుగుతుంటాను. వేసవి వస్తే ఊళ్లో చాలా ఇళ్లకు తాళాలే. బంగినపల్లి, రసాల కోతలకు జనం మామిడి తోటల్లో ఉంటారు. పసిపిల్లలూ వాళ్లతోనే. అందుకని మేమే తోటకు వెళ్తాం.

ఒక మే నెలలో కాపలా గుడిసె దగ్గర ఆగాం. పాపకు నాలుగు నెలలు దాటాయి. కార్డులో ఆరు వారాల సూది ఒక్కటే పడింది.

"వద్దు నర్సమ్మా" అంది నాయనమ్మ. "పోయినసారి రాత్రంతా జ్వరం. తొడ వాచింది. తెల్లారి మా కోడలు పనికి పోలా. కూలి పోయింది."

"జ్వరం వస్తుందని ముందే చెప్పారా పెద్దమ్మా?"

"ఎవరూ చెప్పలా."

నర్సమ్మ నా మూత తీయలేదు. చాప మీద కూర్చుంది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, కాలేయాన్ని తినే హెపటైటిస్-బి, మెదడు పొరల వాపు, న్యుమోనియా తెచ్చే హిబ్ - ఈ అయిదింటికీ పెంటావాలెంట్ అనే ఒకే సూది అని చెప్పింది. ఒకటి రెండు రోజులు జ్వరం రావడం మామూలేనంది. సూది పడిన చోట రుద్దొద్దంది. పాప బరువు చూసి పారాసిటమాల్ ఎంత పట్టాలో చూపించింది.

"మళ్లీ మొదటినుంచి వేయాలా?" అని తల్లి అడిగింది.

"అక్కర్లేదమ్మా, ఆగిన దగ్గర్నుంచే."

"రేపు మాకు కోత లేదు. ఇవాళే వేయండి. రాత్రి కనిపెట్టుకుని ఉంటా."

పాప కాలు కదలకుండా పట్టుకున్నది నాయనమ్మే. సూది పడ్డాక అరగంట అక్కడే ఉన్నాం. మర్నాడు నర్సమ్మ ఫోన్ చేసి పాప ఎలా ఉందని అడిగింది.

వేరే రకం భయమూ చూశాను. 2017 ఆగస్టులో రాష్ట్రమంతా మీజిల్స్-రుబెల్లా టీకాలు వేసినప్పుడు, ఫోన్లలో తిరిగిన పుకార్లు విని కొందరు తల్లిదండ్రులు వెనకాడారు. వాళ్లదీ బిడ్డ మీది బెంగే. ఆ బెంగను కసిరితే తలుపు మూసుకుంటుంది. నమ్మకం కుదిరితే ఏం సాధించవచ్చో పోలియో చూపింది. మన దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. గడప గడపా తిరిగిన ఆడవాళ్లదీ, నమ్మి బిడ్డ నోరు తెరిపించిన తల్లులదీ ఆ గెలుపు.

సూది వద్దన్న తల్లిని మూఢురాలని తేల్చేయకండి. ఆమె వద్దన్నది చాలాసార్లు సూదిని కాదు. ఎవరూ చెప్పని జ్వరాన్ని, పోయే కూలిని. మందు చల్లదనం నేను కాపాడతాను. జ్వరం సంగతి ముందే చెప్పడం, కోత పనికి అడ్డురాని వేళకు రావడం, మర్నాడు బిడ్డను కనుక్కోవడం మనుషుల పని. ఈ మూడూ చేయండి, తర్వాతి సూదికి తల్లే బిడ్డనెత్తుకుని ఎదురొస్తుంది.