ముందస్తు తాత

ముందస్తు ఎన్నికలు 2018లో చూశాం. ముందస్తు బెయిళ్ల సంగతి పేపర్లో రోజూ చదువుతున్నాం. ముందస్తు చావు చూడాలంటే మాత్రం జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ ఊరికైనా పోవాలి. వేపచెట్టు కింద గద్దె మీద, జేబు బనీను తొడుక్కుని ఒక పెద్దమనిషి కూర్చుని ఉంటాడు. ఆ జేబులో నాలుగు మడతల కాగితం. అందులో: ఫ్రీజరు, పాడెకు వెదురు, కట్టెలు, డప్పులు, టెంటు, దినాలకు రెండు యాటలు, కల్లు. పక్కన రేట్లు. రేట్లు పెరిగినప్పుడల్లా కొట్టివేతలు.

ఇతనే ముందస్తు తాత. ఊరికొకడు తప్పకుండా ఉంటాడు.

పుట్టుకతోనే ఎవరూ ఇట్లా ఉండరు. అరవై పడ్డాక మొదలవుతుంది. దానికి రైతుబీమా ఒక కారణం. 2018 ఆగస్టులో వచ్చిన ఆ పథకం 18 నుంచి 59 ఏళ్ల రైతులకే. ఏ కారణంతో పోయినా ఇంటివాళ్లకు 5 లక్షలు. "యాభై తొమ్మిదిల వోతే అయిదు లక్షలోన్ని. అరవై వడ్డది, సున్నా అయిన. ఇగ నా సావు ఖర్చు నా మీదనే వడ్డది" అంటాడు, పంట నష్టపోయినవాడి మొహం పెట్టి.

కొడుకుల మీద నమ్మకం లేక కాదు. వాళ్ల బేరం మీద నమ్మకం లేక. పెద్దోడు కూరగాయలు కొంటేనే మోసపోతాడు, ఏడుస్తూ కట్టెలు కొంటే ఎంతకు కొంటాడో! అందుకే తాత తనే బయలుదేరుతాడు. టెంటుహౌసుకు పోయి, "అడ్వాన్సు వట్టు, తారీఖు ఖాళీ వెట్టు" అంటాడు. టెంటు పిలగాడు రిజిస్టరు తిప్పి, "పెండ్లిళ్ల సీజన్ల అయితే కష్టం తాతా. మూఢంల సూస్కో, షామియానా ఖాళీగుంటది" అంటాడు. తాత ఆ మాట కూడా కాగితం మీద రాసుకుంటాడు.

జాతి ఒకటే అయినా మూడు జిల్లాల్లో మూడు రకాలు.

జనగామ రకం రిటైర్డు పంతులు. డప్పుల కంటే ఫ్లెక్సీ మీద ఆయనకు పట్టింపు ఎక్కువ. ఊళ్లో ఏ ఫ్లెక్సీ చూసినా 'శ్రద్ధాంజలి'లో ధ వత్తు ఉండదట. తన ఫ్లెక్సీ తనే రాయించి, ప్రూఫు దిద్ది, పెన్‌డ్రైవులో పెట్టి కోడలి చేతికిచ్చాడు. తారీఖు చోట చుక్కలు. పదకొండో నాటి రాత్రికి ఒగ్గు కథ కూడా అనుకున్నాడు. "మాణిక్యాపురం చుక్క సత్తయ్యనే పిలుద్దామనుకున్న. 2017లనే నాకంటే ముందువోయిండు. గంత పెద్ద కళాకారుడు, జర ఆగితే ఏమాయె?"

మహబూబాబాద్ రకం మిర్చి రైతు. ఆయన చిక్కంతా కాలంతోనే. "మిర్చి ఏరేటప్పుడు వోతే పాడె మొయ్యనీకి నలుగురు దొరకరు. దొరికినా ఏరుడు కూలి అడుగుతరు. అమ్మకాలయినంక, వానలు వడకముందు వోవాలె. కట్టెలు గూడ ఎండి ఉంటయి." ఇంత పక్కాగా నారు పోసి ఉంటే ఏటా లాభం వచ్చేదని భార్య గొణుగుతుంది.

భూపాలపల్లి రకం సింగరేణిలో దిగిపోయిన కార్మికుడు. బొంద పెట్టడమా, కాల్చడమా అన్న ప్రశ్నే ఆయన ముందు పనికిరాదు. "ముప్పై ఏండ్లు భూమిలనే ఉన్న. సచ్చినంక గూడ గాతంలకే తోల్తరా? ఈసారి పైకే వోత." బూడిద ఎక్కడ కలపాలో కూడా చూసొచ్చాడు. 2025 మేలో కాళేశ్వరం సరస్వతి పుష్కరాలకు జనమంతా స్నానానికి పోతే, ఈయన తనిఖీకి పోయాడు. గోదావరి, ప్రాణహిత కలిసే చోట, అడుగున కనబడని సరస్వతి కూడా ఉందంటారు. గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు: ఒకటి యముడిది, ఒకటి శివుడిది. "తీస్కపొయ్యేటోడు, ముక్తి ఇచ్చేటోడు ఒక్క టేబులు కాడనే కూసున్నరు. ఫైలు అటు ఇటు తిరిగేదే లేదు" అని మురిసిపోయాడు.

ఈ తాతలకు లోకంలో దాయాదులు లేకపోలేదు. బ్రిటన్‌లో తమ అంత్యక్రియలకు తామే వాయిదాల్లో ముందుగా కట్టుకుంటారు. డబ్బు తీసుకునే కంపెనీలు చేతులెత్తేయకుండా 2022 జూలై నుంచి అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ కాపలా కాస్తోంది. గయలో బతికుండగానే తన పిండం తనే పెట్టుకోవచ్చు. ఈ సంగతి మా ఊరి ముందస్తు తాతకు చెప్తే కాసేపు ఆలోచించాడు.

"పిండమయితే నేనే వెట్టుకుంట. దింపుడుకల్లం కాడ?"

సగం దారిలో పాడె దించి, చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ఎక్కడైనా ప్రాణముంటే లేస్తాడని. ఆయన కాగితమంతా వెతికాను. దానికి రేటు లేదు. పాడె కిందికి వచ్చే నాలుగు భుజాలకూ లేదు. పొయ్యి వెలగని ఇంటికి పక్కింటివాళ్లు తెచ్చే అన్నానికీ లేదు. ఖరీదు కట్టగలిగినవన్నీ రాసుకున్నాడు, అసలైనవి కాగితానికి బయటే ఉండిపోయాయి.

మరుసటి రోజు నన్ను వైకుంఠధామానికి తీసుకుపోయాడు. పల్లె ప్రగతి రోజుల్లో ఊరూరా కట్టినవే. కాల్చే దిమ్మెల్లో కుడిపక్కది తనదట, నీడ ఉంటుందని. నల్లా తిప్పి చూశాడు. "నీకెందుకు తాతా నల్లా?" అన్నాను. "నాకు గాదురా. తానాలు జేసి ఇంటికి వొయ్యేటోళ్లకు."

ఇంతకూ డబ్బులు? ఇనుప డబ్బాలో, ధాన్యం గుమ్మి వెనక. అది మూడుసార్లు నిండింది, మూడుసార్లు ఖాళీ అయింది. మొదటిసారి చిన్నోడి బోరుకు, నీళ్లు పడ్డాయి. రెండోసారి మనుమరాలి కాలేజీ ఫీజుకు, పాసయింది. మూడోసారి ముసలమ్మ కంటి ఆపరేషనుకు. ఇప్పుడామె ఆ కాగితం మీది అంకెలన్నీ చదివి తిడుతోంది.

"ఇప్పుడెంతున్నది తాతా?"

"మున్నూరు. గీ పైసలకు డప్పు కొట్టెటోడు గూడ గడప దాటడు. ఎట్ల వోతరా?"

అంతలో టెంటు పిలగాడు బండాపి, "తాతా, మూఢం నడుస్తున్నది. షామియానా ఖాళీనే" అని గుర్తుచేశాడు.

తాత బనీను జేబులోంచి కాగితం తీశాడు. 'టెంటు' అన్న చోట ఉన్నదాన్ని కొట్టేశాడు.

"ఇప్పుడు గాదు పిలగా. మూఢం వోంగనే మనుమరాలి లగ్గం. తారీఖు రాస్కో, అడ్వాన్సు నీకాడనే ఉన్నదిగద."