మోచేతులు క్షేమం

ఎన్టీఆర్ జిల్లాలో మనిషి ఒంటి మీద అన్నిటికంటే భద్రంగా ఉన్న భాగం ఏదని అడిగితే వినగడప వాళ్ళం తడుముకోకుండా చెప్పేస్తాం, మోచేయి అని. నమ్మకం లేకపోతే పొద్దున ఎనిమిదింటికి మా రోడ్డు పక్కన నిలబడి తిరువూరు వైపు పోయే బళ్ళు చూడండి. హెల్మెట్ ఉంటుంది. నిగనిగలాడుతూ, ఒక్క గీత పడకుండా ఉంటుంది. ఎడమ మోచేతికి వేలాడుతూ ఉంటుంది. మోచేయి ఖాళీ లేనివాళ్ళు పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుంటారు, ట్యాంకు మీద పిల్లాడుంటే అద్దానికి తగిలిస్తారు. తల మటుకు దేవుడిచ్చింది ఇచ్చినట్టే గాలికి ఉంటుంది.

ఈ హెల్మెట్ ప్రయాణంలో రసవత్తరమైన ఘట్టం ఒకటుంది. తిరువూరు దగ్గరపడుతుండగా ఎదురొచ్చే బండి ఆసామి పట్టపగలు లైటు కొడతాడు. రెండుసార్లు కొట్టి, చేత్తో నెత్తి మీద తట్టి చూపిస్తాడు. ముందు చెకింగ్ ఉందన్నమాట. అంతే, ఇటువైపు బళ్ళన్నీ పక్కకి ఒదుగుతాయి. హెల్మెట్లు మోచేతులు దిగి నెత్తికెక్కుతాయి. కింద పట్టీ ఎవరూ పెట్టరు, ఎందుకంటే ఎస్సైగారు గడ్డం కింద వంగి చూడరు. అందరూ చట్టానికి పుట్టిన బిడ్డల్లా ముందుకు చూస్తూ, మెల్లగా, వరసలో ఆయన్ని దాటతారు. వంద గజాలు పోగానే హెల్మెట్ మళ్ళీ మోచేతికి దిగుతుంది. ఇప్పుడు వీళ్ళ వంతు, ఎదురొచ్చే ప్రతి బండికీ లైటు కొడతారు. అవతలివాడిది మన ఊరు కాదు, మన పార్టీ కాదు, ముఖపరిచయం కూడా లేదు. అయినా వాడి జేబులో వెయ్యి రూపాయలు పోతాయేమోనని ఎంత ఆరాటం! తెలుగువాళ్ళకి ఐకమత్యం లేదని ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఒక్కసారి మా రోడ్డు మీదకి రావాలి. "ముందు మలుపులో గేదెలున్నాయి, చూసుకో" అని లైటు కొట్టినవాణ్ణి మటుకు నేనింతవరకు చూళ్ళేదు.

కాపాడుకోవలసిన వెయ్యి రూపాయల చరిత్ర కొంచెం చెప్పాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షను హెల్మెట్ పెట్టుకోమంటుంది. పెట్టుకోకపోతే మొదట్లో వంద రూపాయలు. 2019 సవరణతో అది వెయ్యి అయింది, మూడు నెలలు లైసెన్సుకు కూడా ఎసరు. తలకాయ ధర ప్రభుత్వం ఒక్కసారిగా పదింతలు పెంచిందన్నమాట. తలకాయ సొంతదారులు మాత్రం ఇంకా పాత రేటు దగ్గరే ఉన్నారు. ఈ నిబంధన గట్టిగా అమలు చేయండని 2024 జూన్‌లో మన హైకోర్టు చెప్పింది. ఆ తర్వాత మూడు నెలల్లోనే రాష్ట్రంలో హెల్మెట్ లేక 667 మంది పోయారని తెలిసి, డిసెంబరులో పోలీసులకు తలంటింది. తలంటు పోలీసులకు పడింది, మన తల పొడిగానే ఉంది.

కేంద్ర రవాణా శాఖ లెక్క చూస్తే, 2022లో దేశంలో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు 50,029 మంది. వాళ్ళలో 14,337 మంది బండి నడపలేదు, వెనక కూర్చున్నారు. మా ఇళ్ళల్లో ఈ వెనక కూర్చునేవాళ్ళని ఇల్లాలు, అమ్మ, పిల్లలు అంటారు.

ఇక్కడే మా కుటుంబ ధర్మం బయటపడుతుంది. ఇంటిల్లిపాదీ పెళ్ళికి బయల్దేరింది. నాన్న నెత్తిన హెల్మెట్, ఎందుకంటే ఫొటో తీస్తే చలానా ఆయన బండి మీద పడుతుంది. అమ్మ తలలో కనకాంబరాలు. అమ్మ ఒళ్ళో చంటిది. నాన్నకీ హ్యాండిల్‌కీ మధ్య, ట్యాంకు మీద, ఆరేళ్ళ పెద్దాడు. వాడు రెండు చేతుల్తో హ్యాండిల్ మధ్య కడ్డీ పట్టుకుని, నోటితో బండి చప్పుడు చేస్తూ మహారాజులా ఉంటాడు. గేదె అడ్డమొచ్చి నాన్న ముందు బ్రేకు గట్టిగా పట్టుకుంటే అందరికంటే ముందు ఎవరు వెళతారో లెక్క చెప్పడానికి ఇంజనీరింగు చదవక్కర్లేదు. ఆ బండి మీద అందరికంటే లేత తల వాడిదీ, చంటిదానిదీ. హెల్మెట్ మాత్రం అందరికంటే గట్టి తలకుంది.

చట్టమైతే నాలుగేళ్ళు దాటిన ప్రతివాడికీ హెల్మెట్ ఉండాలంటుంది. 2023 ఫిబ్రవరి 15 నుంచి ఇంకో నిబంధన కూడా వచ్చింది. తొమ్మిది నెలలు నిండి నాలుగేళ్ళ లోపున్న పిల్లల్ని బండి మీద తీసుకెళితే, వాళ్ళని నడిపేవాళ్ళకు కట్టే బెల్టు ఉండాలి, తలకు సరిపడే హెల్మెట్ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. ఢిల్లీలో ఇది రాసిన అధికారి మంచి మనిషే అయ్యుంటాడు. ఒక్కసారి మా పెళ్ళి బండి చూసుంటే మటుకు కలం కింద పెట్టేసేవాడు.

టీ కొట్టు దగ్గర మా బాబాయిని అడిగాను.

"ఏంటి బాబాయ్, హెల్మెట్ చేతికి తగిలించావ్?"

"ఉక్కపోతరా అబ్బాయ్. తిరువూరు దగ్గరికి పోయాక పెడతాలే."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా పోలీసులు లేరుగా!"

ఈ సమాధానానికి తిరుగులేదు. మిగతా సమాధానాలు కూడా మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. జుట్టు ఊడిపోద్ది. (బట్టతల ఆసామి కూడా ఇదే చెప్పాడు.) హారన్ వినపడదు. (చెవుల్లో ఫోను తీగలుంటే వినపడుతుంది కాబోలు.) నుదుటి మీద ఎలా రాసుంటే అలా జరుగుద్ది. అన్నిటికంటే గొప్పది, "ఇదిగో, ఈ పక్కకే." వినగడపలో బండెక్కిన ప్రతి మనిషీ ఈ పక్కకే వెళతాడు. గంపలగూడెం ఈ పక్కకే, తిరువూరు ఈ పక్కకే, చేలోకి మరీ ఈ పక్కకే. స్పీడు వెళితే కదా దెబ్బ తగిలేది అంటారు. మన తల నేలకి సుమారు ఐదడుగుల ఎత్తున ఉంటుంది. ఆ ఎత్తు నుంచి పడితే, బండి కదలకపోయినా సరే, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో రోడ్డును కొడుతుంది. భూమ్యాకర్షణకు ఊరి లోపలా ఊరి బయటా అని తేడా తెలియదు.

ఇక మా రోడ్డు సంగతి. కోతలయ్యాక సగం రోడ్డు కళ్ళం అవుతుంది. మొక్కజొన్న ఆరబోసి, చుట్టూ సరిహద్దుగా తలకాయంత రాళ్ళు పేరుస్తారు. సాయంత్రం గింజలు ఎత్తుకుపోతారు, రాళ్ళు ఎత్తరు, రేపు మళ్ళీ కావాలి కదా. చీకటి పడ్డాక వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు ఒకటి రోడ్డు మీదే విశ్రాంతి తీసుకుంటుంది. దాని పక్కన గేదె. రంగు వేయని స్పీడు బ్రేకరు సరేసరి. వీటి మధ్య నుంచి మోచేతిని కాపాడుకుంటూ ఇంటికి చేరడం ఒక విద్య.

అలాగని మాకు భయం తెలియదనుకోకండి. మా దారికి అడ్డంగా పారే కట్టలేరుకు వరదొచ్చిందంటే రాకపోకలు బంద్. ఎంత పెళ్ళున్నా, ఎంత పనున్నా, ఒడ్డున నిలబడి చూసి వెనక్కి తిరుగుతాం. ఎర్రటి నీళ్ళు కళ్ళెదుట సుడులు తిరుగుతుంటే ఎవరూ నుదుటి రాత గురించి మాట్లాడరు. అదే ఏరు ఎండిపోయి రోడ్డు పొడిగా ఉంటే మాలో ధైర్యం పొంగుతుంది. ఏరు ముంచేది ఏడాదిలో నాలుగు రోజులు, రోడ్డుకి సెలవుల్లేవు.

కాయల సంగతిలోనూ మేం జాగ్రత్తపరులమే. మామిడి తోటల దేశం మాది. కాయ తెంపి ట్రేలో పెట్టేముందు అడుగున కాగితమో ఎండుగడ్డో పరుస్తాం. దెబ్బ తగిలిన కాయ పైకి బానే ఉంటుంది, లోపల నల్లబడుతుంది, మార్కెట్లో ఎవడూ ముట్టడు. హెల్మెట్ లోపలుండే థర్మాకోల్ లాంటి దళసరి పొర చేసేదీ ఈ పనే. దెబ్బ పడ్డప్పుడు అది నలిగి, తల ఆగడానికి ఒక్క క్షణం గడువు ఇస్తుంది, పుర్రె లోపల మెదడు కుదుపు తగ్గిస్తుంది. ఒకసారి నలిగితే దాని పని అయిపోయినట్టే, పైకి ఎంత నిగనిగలాడినా దాన్ని మార్చాల్సిందే. రోడ్డు పక్కన దుప్పటి పరిచి రెండొందలకి అమ్మే టోపీల్లో ఆ పొరే ఉండదు. అవి పోలీసు చూపు నుంచి కాపాడతాయి, రాయి నుంచి కాదు. ఐఎస్‌ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే 2021 జూన్ 1 నుంచి నేరం. ఆ సంగతి దుప్పటికి ఇంకా తెలిసినట్టు లేదు.

హెల్మెట్ అంటే మనకొక్కళ్ళకే పడదనుకోవద్దు, తెల్లవాళ్ళకీ ఒక పట్టాన ఎక్కలేదు. సినిమాగా కూడా వచ్చిన లారెన్స్ ఆఫ్ అరేబియా, ఎడారుల్లో యుద్ధాలు చేసి బతికి బట్టకట్టిన మనిషి, 1935 మేలో ఇంగ్లండులో తన ఇంటి దగ్గరే మోటారు సైకిలు మీద పోతూ, సైకిళ్ళ మీద వస్తున్న ఇద్దరు కుర్రాళ్ళను తప్పించబోయి పడ్డాడు. ఇంటి దగ్గరే, అంటే ఈ పక్కకే. తల మీద ఏమీ లేదు. ఆరు రోజుల తర్వాత పోయాడు. ఆయన్ని చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఆ చావును మర్చిపోలేదు. మోటారు సైకిళ్ళ మీద పోయేవాళ్ళ తల దెబ్బల్ని పరిశీలించి 1941లో ప్రచురించాడు. ఆ ఏడాదే సైన్యం, మోటారు సైకిళ్ళ మీద ఉత్తరాలు చేరవేసే తన సిపాయిలకి హెల్మెట్ తప్పనిసరి చేసింది. మామూలు జనానికి తప్పనిసరి కావడానికి 1973 దాకా పట్టింది. వియత్నాం వాళ్ళు 2007 డిసెంబరులో చట్టం తెచ్చి కొద్ది వారాల్లోనే దాదాపు పెద్దవాళ్ళందరి నెత్తినా హెల్మెట్ పెట్టించగలిగారు. పిల్లల దగ్గరికొచ్చేసరికి, హెల్మెట్ బరువుకి లేత మెడ దెబ్బతింటుందని పుకారు పుట్టింది, పైగా చిన్నపిల్లల విషయంలో జరిమానాకు మొదట్లో వీల్లేకపోయింది. కొన్నాళ్ళపాటు అక్కడా మా పెళ్ళి బండే నడిచింది.

మన కుర్రాళ్ళు లారెన్స్ మాట వినరు, హీరో మాట వింటారు. సాయిధరమ్ తేజ్ 2021 సెప్టెంబరులో హైదరాబాదు కేబుల్ బ్రిడ్జి దగ్గర ఇసుక మీద జారి పడ్డాడు. హెల్మెట్ ఉంది, కోలుకుని మళ్ళీ తెర మీదకొచ్చాడు. అప్పట్నుంచి వేదిక దొరికితే చాలు, హెల్మెట్ పెట్టుకోండని బతిమాలుతున్నాడు. అభిమానులు ఈలలు వేసి, ఒక్కో బండి మీద ముగ్గురు చొప్పున, జెండాలు పట్టుకుని ఇంటికి పోతారు.

సరిగ్గా పట్టీ పెట్టుకున్న హెల్మెట్ ప్రాణం పోయే ముప్పు 42 శాతం, తలకు దెబ్బ తగిలే ముప్పు 69 శాతం తగ్గిస్తుందని దేశదేశాల పరిశోధనలు కూడి చెప్పిన లెక్క. పట్టీ పెట్టుకోని హెల్మెట్ మనకంటే ముందు కాలవలోకి పోతుంది. తల పగిలితే మా తిరువూరు నుంచి బెజవాడకి పంపాలి, సుమారు 70 కిలోమీటర్లు. 108లో ఆ దారి ఎంత పొడుగో ఒకసారి వెళ్ళొచ్చిన ఇంటివాళ్ళని అడగండి.

జూన్‌లో బడులు తెరుస్తారు. సంచీ, బూట్లు, నీళ్ళ సీసా కొనడానికి తిరువూరు వెళతారు కదా, పిల్లాణ్ణి వెంటబెట్టుకెళ్ళి వాడి తలకి సరిపోయే ఐఎస్‌ఐ హెల్మెట్ కూడా కొనండి. మీది పెడితే వాడి తల మీద గిర్రున తిరుగుతుంది, పనికిరాదు. ఇంటావిడకీ ఒకటి తీసుకోండి, కనకాంబరాలు నలిగితే పెళ్ళింట్లో మళ్ళీ పెట్టుకుంటుంది. తిరిగొచ్చేటప్పుడు ఎవరైనా లైటు కొట్టినా మీరేం కంగారుపడక్కర్లేదు.